రేడియో మెకానిక్ లియో ఫెండర్

మన కాలేజీలో మెట్లకింది స్టోరు గదిలో నలభై ఏళ్లకు పైగా ఒక నల్లపెట్టె పడివుంది. నా ఈడు వాళ్లకు అది జ్ఞాపకం వుండే వుంటుంది. అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థి ఒకాయన, తాను చదువుకున్న కాలేజీ మీద అభిమానంతో, ఓడలో వేయించి పంపిన గిటార్ యాంప్లిఫయరు అది. ముందు వెండిరంగు గుడ్డ, పైన నల్లటి ప్యానెలు, దాని మీద తెల్ల అక్షరాలతో డీలక్స్ రివెర్బ్ అన్న పేరు. కిందటి సంవత్సరం స్టాకు రిజిస్టరు సరిచూస్తూ దీన్ని కండెమ్ చేసి పాత సామాను కింద అమ్మేద్దామని ప్రతిపాదన వచ్చిందట. అప్పుడు విద్యార్థి సంఘం వారు నాకు ఫోను చేశారు. బాగుపడుతుందేమో చూడమన్నారు, చూసి దాని సంగతి సావెనీరుకు వ్రాయమన్నారు.

నన్నే ఎందుకడిగారంటే, ఇక్కడ బి.ఎస్సీ. చదివే రోజుల్లో కాలేజీ డే వచ్చిందంటే మైకు సెట్టు బాధ్యత నాది. సాయంత్రాలు ఊళ్లో ఒక రేడియో షాపులో పని నేర్చుకునేవాణ్ణి. అందరూ యిదే కారణమనుకున్నారు. ఇంకొక కారణం వుంది, అది నాకూ నా మిత్రుడికీ తప్ప యిప్పటి వాళ్లకు తెలియదు.

1981లో ఒక సాయంత్రం రిహార్సలు జరుగుతోంది. మా మిత్రుడు మెడలో గిటారు వేసుకుని, ఎడమచేయి తంత్రుల మీద వుంచి, పాడడానికి మైకు దగ్గరకు వంగాడు. పెదవి మైకుకు తగిలిందో లేదో, వెనక్కి విరుచుకు పడిపోయాడు. మంచినీళ్లు చల్లారు, కాసేపటికి లేచి కూర్చున్నాడు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఇవాళ రిటైరై మనవలతో సుఖంగా వున్నాడు. కాని ఆ రోజు ప్రిన్సిపాల్‌గారు పెట్టె తీయించి స్టోరులో పెట్టించి తాళం వేయించారు. ఆ పెట్టెకు ప్లగ్గు పెట్టింది నేనే. ఎందుకు షాకు కొట్టిందో ఆ వయసులో నాకు తెలియలేదు, తెలుసుకునే ధైర్యమూ చేయలేదు. అందుకే ఫోను రాగానే వస్తానన్నాను.

పెట్టె సంగతి చెప్పాలంటే దాన్ని రూపొందించినాయన సంగతి ముందు చెప్పాలి. ఆయన పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. లోకం లియో అంటుంది. 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియాలో, అనాహైమ్, ఫుల్లర్టన్ ఊళ్ల దగ్గర, కమలాతోటలు పెంచుకునే వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో ఎడమకంట్లో కణితి లేచి ఆ కన్ను తీసేయవలసి వచ్చింది. అక్కడ గాజుకన్ను పెట్టారు. మిగిలిన ఒక్క కంటితోనే ఆయన జన్మంతా సన్నటి తీగలు అతికాడు.

పదమూడు పద్నాలుగేళ్లప్పుడు శాంటా మరియా ఊళ్లో వున్న మామయ్య షాపుకు వెళ్లాడు. మోటారుకార్ల ఎలక్ట్రికల్ పనులు చేసే షాపు అది. మామయ్య విడిభాగాలతో సొంతంగా ఒక రేడియో కట్టి వీధి ముందు పెట్టాడు. దానిలోంచి వచ్చే పెద్ద శబ్దం కుర్రవాడి మనసులో నాటుకుపోయింది. ఇంటికి వచ్చి రేడియోలు విప్పడం, బిగించడం మొదలుపెట్టాడు. హైస్కూలు చదువు 1928లో ముగిసింది. తర్వాత ఫుల్లర్టన్ జూనియర్ కాలేజీలో చేరి ఏం చదివాడనుకుంటున్నారు? అకౌంటెన్సీ. ఎలక్ట్రానిక్సులో ఆయన ఏ కాలేజీలోనూ ఒక్క పాఠం వినలేదు. మన కామర్సు విద్యార్థులు ఈ వాక్యం కింద గీత గీసుకోవచ్చు.

చదువయ్యాక ఐసు కంపెనీలో డెలివరీ పని, తర్వాత అక్కడే లెక్కలు వ్రాసే పని. ఆ రోజుల్లోనే ఒక బ్యాండువాళ్లు అడిగితే నాట్యశాలల కోసం మైకు సెట్లు ఆరు కట్టి ఇచ్చాడు. 1934లో ఎస్తర్‌ను పెళ్లి చేసుకుని, రాష్ట్ర రోడ్ల శాఖలో అకౌంటెంటుగా శాన్ లూయిస్ ఒబిస్పో వెళ్లాడు. అది ఆర్థికమాంద్యం కాలం. ఆ ఉద్యోగం పోయింది. టైర్ల కంపెనీలో మరొకటి దొరికింది, కొద్ది నెలలకే అదీ పోయింది. మనవాళ్లయితే యింకో అప్లికేషను పెట్టమంటారు. ఆయన 1938లో ఆరువందల డాలర్లు అప్పుచేసి ఫుల్లర్టన్ తిరిగొచ్చి రేడియో రిపేరు షాపు తెరిచాడు. పేరు ఫెండర్ రేడియో సర్వీస్.

నా అభిప్రాయంలో లియో అసలు చదువు ఆ షాపులోనే జరిగింది. రిపేరు బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఇంజనీరుకు కనిపించనిది ఒకటి కనిపిస్తుంది. పరికరం కొత్తగా వున్నప్పుడు ఎలా పనిచేస్తుందో కాదు, పదేళ్ల తర్వాత ఎక్కడ చెడుతుందో అతనికి తెలుస్తుంది. ఏ కండెన్సరు ముందు ఎండిపోతుంది, ఏ రెసిస్టెన్సు వేడికి మాడుతుంది, ఏ స్క్రూ చెయ్యి దూరని సందులో వుండి ప్రాణం తీస్తుంది, యివన్నీ రోజూ చూస్తాడు. ఇతరులు చేసిన యాంప్లిఫయర్లు ఆ షాపుకు వచ్చేవి. లియో వాటిని బాగుచేస్తూ, యిది యిలా ఎందుకు కట్టారు, వేరేగా కట్టవచ్చు కదా అని ఆలోచించేవాడు.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. కన్ను లేనందువల్ల ఆయన్ను సైన్యంలోకి తీసుకోలేదు. డాక్ కాఫ్‌మన్ అనే వాద్యకారుడితో కలిసి 1945లో ఒడిలో పెట్టుకుని వాయించే స్టీలు గిటార్లూ, వాటికి చిన్న యాంప్లిఫయర్లూ చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అప్పు పెరుగుతుందేమోనన్న భయంతో మరుసటి ఏడు కాఫ్‌మన్ తప్పుకున్నాడు. లియో ఒంటరిగా 1946లో సొంత కంపెనీ పెట్టాడు. చిత్రమేమిటంటే ఆయన చిన్నప్పుడు పియానో, శాక్సొఫోను నేర్చుకున్నాడు గాని గిటార్ వాయించడం ఏనాడూ నేర్చుకోలేదు. వాయించేవాళ్లు షాపుకు వచ్చి చెప్పేది వినేవాడు. ఆ వినడమే ఆయన పెట్టుబడి.

ఇక పెట్టె దగ్గరకు వద్దాం. మా రేడియో షాపు మేస్త్రీ పదో తరగతి గట్టెక్కనివాడు. కాని ఆయన నేర్పిన సూత్రం ఒకటి ఇప్పటికీ నన్ను కాపాడుతోంది. వాల్వు సెట్టు విప్పితే ఎడమచెయ్యి జేబులో వుండాలి. ప్లగ్గు తీసేశాం కదా అనుకోకూడదు. వడపోత కండెన్సర్లలో నాలుగువందల వోల్టులు అలాగే నిలవ వుండి, తాకినవాడి కోసం ఎదురుచూస్తుంటాయి. ఒక లావుపాటి రెసిస్టెన్సును చాసిస్‌కు తగిలించి వాటిని నెమ్మదిగా ఖాళీచేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే వేలు పెట్టాలి. ఈ పేజీ చదివి ఏ ఉత్సాహవంతుడైనా ఇంట్లో పాత వాల్వు సెట్టు విప్పేటట్లయితే, తక్కినదంతా మరిచిపోయినా యిది మరిచిపోవద్దు.

వెనక చెక్క విప్పగానే పెట్టె లోపలి గోడకు అంటించిన కాగితం కనపడింది. అంచులు చెదలు తిన్నాయి గాని అక్షరాలు చదవవచ్చు. ఏ సాకెట్టులో ఏ వాల్వు పెట్టాలో వరుసగా అచ్చువేసి వుంది. మొత్తం తొమ్మిది వాల్వులు. 12ఏఎక్స్7 జాతివి నాలుగు, 12ఏటీ7లు రెండు, శక్తినిచ్చే 6వి6లు రెండు, ఏసీని డీసీ చేసే జీజడ్34 ఒకటి. ఏ ఊళ్లోనో, కచేరీ మధ్యలో, కంపెనీ మొహం ఎన్నడూ చూడని మెకానికు దీన్ని విప్పుతాడని తెలిసినవాడు తప్ప ఈ కాగితం అంటించడు.

చాసిస్ దింపి తిరగేశాక నా ముచ్చట యింకా పెరిగింది. ఒక పొడుగాటి ఫైబరు పలక. దానికి రెండు వరుసల ఇత్తడి కన్నాలు. ప్రతి రెసిస్టెన్సూ, ప్రతి కండెన్సరూ నిచ్చెన మెట్లలాగా ఆ కన్నాల మధ్య పడుకుని వున్నాయి. ఒకటి తీయాలంటే రెండు చోట్ల ఐరన్ పెడితే చాలు. పక్కదాన్ని కదపనక్కర లేదు. వడపోత కండెన్సర్లు విడిగా, చాసిస్ మీద ఒక రేకుమూత కింద వున్నాయి. ఎందుకంటే ముందు పోయేవి అవే. ఆ రోజుల్లో నేను చూసిన కొన్ని సెట్లలో తీగలు పక్షిగూడులాగా అల్లుకుని, ఒక భాగం మార్చడానికి పది భాగాలు విప్పవలసి వచ్చేది.

ఇన్నేళ్లు పడివున్న సెట్టుకు ఒక్కసారిగా కరెంటు ఇస్తే ఎండిన కండెన్సర్లు పేలవచ్చు. కాబట్టి సీరీస్‌లో వంద వాట్ల బల్బు పెట్టాను. బల్బు ధగధగా వెలిగితే లోపల షార్టు వున్నట్టు. ఒకసారి వెలిగి మసకబారితే ముందుకు పోవచ్చు. ముందు వాల్వులు లేకుండా, తర్వాత వాల్వులతో చూశాను. మసకబారింది. స్పీకరులోంచి కందిరీగల తుట్టె కదిలినట్లు హమ్ మొదలైంది. వాల్యూము సున్నాకు తిప్పినా తగ్గలేదు. తగ్గితే దోషం ముందు భాగంలో గాని గిటారు తీగలో గాని వుంటుంది. తగ్గకపోతే చాలావరకు కరెంటు వడపోతలోనే. మన 50 సైకిళ్ల కరెంటు డీసీ అయ్యేటప్పుడు వందసార్లు ఎగిరిపడుతుంది, దాన్ని నున్నగా చేయవలసినవి 16 మైక్రోఫారడ్ల కండెన్సర్లు. వాటిలోని ద్రవం ఎండిపోయింది. మూత విప్పి అన్నీ మార్చాను. హమ్ పోయింది.

పోయిందని సంతోషించే లోపల రెండు 6వి6లలో ఒకదాని ప్లేటు ఎర్రగా కాలడం మొదలుపెట్టింది. వెంటనే ఆపాను. వాల్వు చెడిందని కొత్తది కొని పెడితే అదీ కాలిపోతుంది; చాలామంది చేసే పొరపాటు ఇదే. వాల్వులు తీసేసి సాకెట్లో అయిదో పిన్ను దగ్గర వోల్టేజి చూడాలి. ఒకదానిలో మైనస్ 35 దాకా వుంది, వుండవలసినంత. రెండోదానిలో మైనస్ 14. అంటే ముందు స్టేజి నుంచి పాటను మాత్రం పంపి డీసీని ఆపవలసిన 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు లీకవుతోంది. గేటు దగ్గర కాపలావాడు నిద్రపోయాడన్నమాట. పది రూపాయలకు లోపు సరుకు. దాన్ని చూడకుండా వాల్వులు మారుస్తూ పోతే వేలు ఖర్చు.

తర్వాత వాన పడుతున్నట్లు చిటపట శబ్దం. ముందు వాల్వులను ఒక్కొక్కటే పీకి చూశాను. రెండోది పీకినప్పుడు చిటపట ఆగింది. వాల్వు మారిస్తే మళ్లీ వచ్చింది, కాబట్టి దోషం వాల్వుది కాదు. దాని ప్లేటుకు కరెంటిచ్చే లక్ష ఓముల కార్బన్ రెసిస్టెన్సుది. యింకొక వాల్వును పెన్సిలుతో తడితే గంటలాగా మోగింది, దాన్ని మార్చాను. కంట్రోళ్లు తిప్పితే గరగరమనేవి, క్లీనరు పిచికారీ కొట్టి ఇరవైసార్లు తిప్పితే చాలావరకు నున్నబడ్డాయి. ప్రతిధ్వనినిచ్చే స్ప్రింగుల పెట్టెలో, హామండ్ ఆర్గను కంపెనీ నుంచి లియో తెచ్చుకున్న ఉపాయం అది, వెంట్రుక లాంటి తీగ తెగివుంది. దాన్ని అతకడానికి నా కళ్లకు రెండు సాయంత్రాలు పట్టింది. లియోకు ఒక్క కన్నే వుండేదని అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

సంగీతం వచ్చినవాళ్లకు ఒక తమాషా చెప్పాలి. ఈ పెట్టె మీద వైబ్రాటో అని ఒక కంట్రోలు వుంది. అది చేసేది శబ్దాన్ని పెంచడం, తగ్గించడం, అంటే ట్రెమొలో. ఆయన గిటారు మీద తంత్రులను వదులుచేసి స్వరాన్ని ఊపే కడ్డీ వుంటుంది. మన కంపితానికి దగ్గరిది, నిజానికి వైబ్రాటో. దానికి ట్రెమొలో అని పేరు పెట్టాడు. రెండు పేర్లూ తారుమారు చేశాడు. ప్రపంచమంతా యింకా అలాగే పిలుస్తోంది!

గిటార్ల సంగతి అందరికీ తెలిసిందే కనుక టూకీగా చెబుతాను. 1950, 51లలో టెలికాస్టరుగా పేరుపడిన గిటారు వచ్చింది. 1951లో ప్రెసిషన్ బేస్, 1954లో స్ట్రాటోకాస్టరు. వాటిలోనూ మెకానిక్ బుద్ధే కనబడుతుంది. అంతకు ముందు గిటారు మెడను బంకతో అతికేవారు. లియో నాలుగు స్క్రూలతో బిగించాడు. మెడ అరిగితే విప్పి కొత్తది బిగించుకోవచ్చు. వాద్యం పవిత్రమైనది, యిది కిటికీ తలుపా అని ఎగతాళి చేసినవాళ్లు లేకపోలేదు. యాంప్లిఫయర్లలో ఆయన బేస్‌మన్ ఎంత పేరుపొందిందంటే, 1962లో లండనులో జిమ్ మార్షల్ అనే షాపు యజమాని తన మొదటి యాంప్లిఫయరును దాని నమూనాలోనే కట్టించాడు.

లియో తన సరుకును ఎలా పరీక్షించేవాడో తెలియాలంటే డిక్ డేల్ కథ చాలు. ఫుల్లర్టనుకు దూరం కాని బల్బోవా సముద్రతీరంలో వేలమంది కుర్రకారు ముందు వాయించే గిటారిస్టు. శబ్దం విపరీతంగా కావాలి. లియో ఇచ్చిన యాంప్లిఫయరు కాల్చేవాడు, స్పీకరు చించేవాడు, పట్టుకొచ్చేవాడు. ఒకటి కాదు రెండు కాదు. లియో విసుక్కోకుండా పోయినదల్లా చూసి, ఎక్కడ పోయిందో అక్కడ గట్టిచేసి తిరిగి ఇచ్చేవాడు. ఒకరోజు ఆ హాలుకు స్వయంగా వెళ్లి జనం మధ్య నిలబడి విన్నాక ఆయనకు సంగతి బోధపడిందంటారు. అలా పుట్టిందే షోమన్ అనే పెద్ద యాంప్లిఫయరు.

ఇంతలో ఆయన ఆరోగ్యం చెడింది. సైనసుల్లో పట్టుకున్న ఇన్ఫెక్షన్ ఏళ్ల తరబడి వదల్లేదు. ఎక్కువకాలం బతకనేమోనని భయపడి 1965 జనవరిలో కంపెనీని సీబీయస్ సంస్థకు అమ్మేశాడు. వెల కోటీ ముప్ఫయి లక్షల డాలర్లు. ఆరువందల అప్పుతో మొదలైన షాపు! అమ్మిన కొన్నాళ్లకు వేరే డాక్టరు వైద్యంతో ఆ జబ్బు నయమైంది. విధి అంటే యిదే కాబోలు.

నేను బాగుచేసే పెట్టె లియో చేతికింద తయారైందా, అమ్మకం తర్వాతదా అని నాకు ఆత్రం కలిగింది. ట్రాన్స్‌ఫార్మరు మీద అంకెలు తుడిచి చూశాను: 606638. మొదటి మూడంకెలూ చేసిన కంపెనీ గుర్తు, తర్వాతది సంవత్సరం, చివరి రెండూ వారం. అంటే 1966లో ముప్ఫయ్యెనిమిదో వారం. అమ్మేసి ఏడాదిన్నర దాటింది. కొంచెం నిరుత్సాహపడ్డాను. కాని లోపలి సర్క్యూటు 1963 నాటిదే, పలకా అదే, కాగితమూ అదే. ఆయన లేచిపోయాక కూడా బల్ల అలాగే వుంది. తర్వాతి సంవత్సరాలలో సీబీయస్ యాజమాన్యంలో నాణ్యత తగ్గిందని వాద్యకారులు చెప్పుకున్నారు. 1985లో ఉద్యోగులే కొందరు కలిసి ఆ కంపెనీని కొనుక్కున్నారు.

లియో మాత్రం ఊరుకోలేదు. పోటీ పెట్టకూడదన్న ఒప్పందం గడువు తీరాక 1975లో మ్యూజిక్ మాన్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. ఎస్తర్ 1979లో చనిపోయింది. ఆ సమయంలోనే పాత సహచరుడు జార్జి ఫుల్లర్టనుతో కలిసి జీ అండ్ ఎల్ అనే కొత్త కంపెనీ పెట్టాడు. పార్కిన్సన్స్ వ్యాధి వచ్చి చేతులు వణుకుతున్నా పని మానలేదు. 1991 మార్చి 21న, ఎనభై ఒకటో ఏట చనిపోయాడు.

ఇక నా పాత బాకీ ఒకటి మిగిలింది. పెట్టె వెనక గ్రౌండు అని ఒక స్విచ్చి వుంది. కరెంటు తీగకు రెండే పిన్నులు, ఎర్తు లేదు. మెయిన్సు తీగల్లో ఒకదాని నుంచి చాసిస్‌కు 0.047 మైక్రోఫారడ్ కండెన్సరు ఒకటి పెట్టారు, హమ్ తగ్గడానికి. అమెరికా మెకానిక్కులు దానికి చావు కండెన్సరు అని పేరు పెట్టుకున్నారు. ఈ సెట్టుకు 117 వోల్టులు కావాలి కనుక మేం స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వాడేవాళ్లం. దాన్ని విప్పి చూశాను. ఒకే చుట్ట వున్న రకం. మెయిన్సును విడదీయదు, తగ్గిస్తుంది, అంతే. రెండు పిన్నుల ప్లగ్గును నేను ఆ రోజు తిరగేసి పెట్టివుంటే, ఉమ్మడి తీగ మీద 230 వోల్టుల ఫేజు వచ్చి కూర్చుంటుంది. అక్కడి నుంచి కండెన్సరు ద్వారా చాసిస్‌కు, చాసిస్ నుంచి గిటారు తంత్రులకు. అవతల మైకు మా పీఏ సెట్టు ఎర్తుకు కలిసివుంది. మధ్యలో మా మిత్రుడి పెదవి. ఆ కండెన్సరు విప్పి మీటరు పెట్టాను. లీకవుతోంది. మంచి కండెన్సరైతే చురుక్కుమనిపించి వదిలేది. పూర్తిగా షార్టయివుంటే ఈ వ్యాసం వేరే రకంగా వుండేది.

ఇక్కడ లియోను నేను వెనకేసుకు రాను. విప్పే మెకానికు గురించి అంత ఆలోచించినవాడు, వాయించే వాడి ఒంట్లోంచి కరెంటు పోవచ్చునని ఆలోచించలేదు. ఆనాటి అమెరికా రేడియోలన్నిటికీ రెండు పిన్నులే వుండేవన్నది నిజమే. కాని నా తప్పును ఆ మాట ఎలా మాఫీ చేయదో, ఆయన తప్పునూ చేయదు.

ఆ కండెన్సరు కత్తిరించి పారేశాను. మూడు తీగల కార్డు వేసి, ఎర్తు తీగను చాసిస్‌కు విడిగా బోల్టుతో బిగించాను. ఫ్యూజు చుట్టూ ఎవరో సిగరెట్టు పెట్టెలోని తగరపు రేకు చుట్టారు. అది తీసి రెండు ఆంపియర్ల సరైన ఫ్యూజు వేశాను. రెండు చుట్టలు విడివిడిగా వున్న ట్రాన్స్‌ఫార్మరు కొత్తది చేయించాను. ఎర్తు లేని ప్లగ్ పాయింటులో ఈ పెట్టె పెట్టకూడదని ప్రస్తుత కార్యదర్శికి చెప్పి, మ్యూజిక్ రూము ఎర్తును కూడా మీటరుతో చూశాం. అది సరిగ్గా లేదు. కాలేజీ ఎలక్ట్రీషియన్ రెండు రోజుల్లో సరిచేశాడు.

తర్వాత మా మిత్రుణ్ణి పిలిచాను. రానన్నాడు, మళ్లీ తానే వచ్చాడు. నేను ముందుగా ఒక చెయ్యి తంత్రుల మీద, ఒక చెయ్యి మైకు మీద వేసి నిలబడి చూపించాను. అప్పుడు గిటారు తీసుకున్నాడు. వేళ్లు మొద్దుబారాయి గాని పాత పాట పల్లవి దాకా వచ్చింది.

లోపల లియో కాగితం పక్కన నేనొక కాగితం అంటించాను. ఏయే కండెన్సర్లు మార్చానో, ఏ రెసిస్టెన్సు పెట్టానో, ఎర్తు ఎక్కడ బిగించానో, తేదీతో సహా వ్రాశాను. అడుగున కొంత చోటు ఖాళీగా వదిలాను.